నల్లతెర ఎడిటరా... రంగుల ఎడిటరా?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయి సీటు ఖాయమైందంటే మా కోటబొమ్మాళి వైపు ఇళ్లలో రెండో ఖర్చు మొదలవుతుంది. అదే ల్యాప్‌టాప్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని పేరున్న పాపానికి, సెలవులకి ఊరెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆపి అడుగుతుంటారు. ‘‘మా గుంటడు ఎనబై ఏలది కావాలంతన్నాడు బాబూ, అంత పెట్టాలా?’’ అని. అడిగేవాళ్లలో ఎక్కువమంది వరి మీద బతికేవాళ్లే. ఎనభై వేలంటే వాళ్లకి అప్పు చేయాల్సిన సొమ్ము.

పోనీ ఆ పిల్లాణ్ని పిలిచి ‘అంతది ఎందుకురా?’ అంటే, ‘తక్కువదైతే వీఎస్ కోడ్ హ్యాంగ్ అయిపోద్దట, సీనియర్లు చెప్పారు’ అంటాడు. వీఎస్ కోడ్ అంటే ప్రోగ్రాములు రాసుకునే ఒక ఎడిటర్. అంటే ఆ ఇంట్లో అప్పు చేయిస్తున్నది ఒక ఎడిటర్ అన్నమాట! అందుకే ల్యాప్‌టాప్ మోడళ్ల సంగతి కాస్త పక్కన పెట్టి, ఎడిటర్ల సంగతి చూద్దాం. బరువైనదేది, తేలికైనదేది, ఎప్పుడు ఏది పనికొస్తుంది?

అసలు ఎడిటర్ అంటే?

సీ అయినా, పైతాన్ అయినా, జావా అయినా మనం రాసే ప్రోగ్రామ్ ఒట్టి అక్షరాల ఫైలే. ఎంఎస్ వర్డ్‌లో రాస్తే అక్షరాలతో పాటు ఫాంటు, సైజు, బోల్డు లాంటి సమాచారం కూడా ఫైల్లో చేరిపోతుంది. కంపైలర్‌కి అదంతా అర్థం కాదు. అందుకని ఒట్టి అక్షరాలను రాసి, దిద్ది, సేవ్ చేసి పెట్టే పనిముట్టు ఒకటి కావాలి. అదే టెక్స్ట్ ఎడిటర్.

మన దగ్గర బి.టెక్ చదివిన చాలామందికి మొదటి ఎడిటర్ టర్బో సి. ఆ నీలం తెర గుర్తుందా? బోర్లాండ్ అనే అమెరికా కంపెనీ 1987లో డాస్ కోసం తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. డాస్ కాలం పోయింది. బోర్లాండూ పోయింది. అయినా 2010ల్లో కూడా మన ల్యాబుల్లో డాస్‌బాక్స్ అనే తొడుగు వేసి మరీ దాన్నే నడిపించారు. కంట్రోల్-ఎఫ్9 నొక్కితే ప్రోగ్రామ్ నడుస్తుంది, ఆల్ట్-ఎఫ్5 నొక్కితే ఫలితం కనిపిస్తుంది. మౌస్‌తో పెద్దగా పని లేదు. కాబట్టి కీబోర్డుతోనే నడిచే ఎడిటర్లు మనకి మరీ తెలియని చుట్టాలేమీ కాదు.

ఇప్పటి ఎడిటర్లను మోటుగా రెండు వర్గాలు చేయొచ్చు. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే నల్లతెరలో నడిచేవి ఒకటి. వీఐ, విమ్, నానో లాంటివి. సొంత విండోతో, మెనూలతో, మౌస్‌తో నడిచేవి రెండోది. వీఎస్ కోడ్, సబ్‌లైమ్ టెక్స్ట్ లాంటివి. ఈమ్యాక్స్ లాంటివి రెండు చోట్లా ఉంటాయి.

సెకనుకి ముప్ఫై అక్షరాలు

1969లో యునిక్స్ పుట్టినప్పుడు కెన్ థాంప్సన్ ‘ఈడీ’ అనే ఎడిటర్ రాశారు. అప్పట్లో ఎడిటింగ్ తెర మీద జరిగేది కాదు. టెలిటైప్ మీద కమాండ్ కొడితే జవాబు కాగితం మీద అచ్చయ్యేది. ఒకసారికి ఒక లైను చూసుకుని దిద్దుకోవడమే.

తర్వాత తెరలొచ్చాయి. 1976లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో బిల్ జాయ్ అనే కుర్రాడు, తర్వాత వీఐగా పేరు తెచ్చుకున్న ఎడిటర్ మొదలుపెట్టాడు. సన్ మైక్రోసిస్టమ్స్‌ని పెట్టినవాళ్లలో ఒకడు ఈయనే. ఇంటి నుంచి 300 బాడ్ మోడెమ్ మీద కంప్యూటర్‌కి కనెక్ట్ అయి ఆ పని చేసేవాడు. 300 బాడ్ అంటే సెకనుకి సుమారు 30 అక్షరాలు. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్ తెర మీద 24 లైన్లు, లైనుకి 80 అక్షరాలు పట్టేవి. మొత్తం 1,920. అంటే తెర ఒకసారి పూర్తిగా మారాలంటే నిమిషం పైన పడుతుంది!

ఇది తెలిశాక వీఐ వింత పోకడ అర్థమవుతుంది. ఒక్కో అక్షరమూ ఖరీదైన చోట మెనూలు చూపించే ఎడిటర్ పనికిరాదు. అందుకే డి అనే అక్షరం రెండుసార్లు కొడితే లైను పోతుంది, యూ కొడితే చేసిన పని వెనక్కొస్తుంది. హెచ్, జె, కె, ఎల్ కీలతో కర్సర్ కదులుతుంది. ఆ నాలుగు కీలే ఎందుకంటే, ఏడీఎం-3ఏ కీబోర్డు మీద బాణం గుర్తులు ఆ కీల మీదే వేసి ఉండేవి. అంతకు మించి రహస్యం ఏమీ లేదు.

1991లో నెదర్లాండ్స్‌కి చెందిన బ్రామ్ మోలెనార్ వీఐని మెరుగుచేసి విమ్ విడుదల చేశారు. ‘మీకు నచ్చితే ఉగాండాలోని పిల్లలకి సాయం చేయండి’ అని అడగడం తప్ప డబ్బులు తీసుకోలేదు. 2023 ఆగస్టులో చనిపోయేదాకా దాని బాగోగులు చూస్తూనే ఉన్నారు. 1999లో ఇంకాస్త సులువుగా ఉండేలా నానో వచ్చింది. అందులో సేవ్ చేయడం ఎలా, బయటికి రావడం ఎలా అన్నది తెర అడుగునే రాసి ఉంటుంది.

విమ్‌లో అదే చిక్కు. తెరవగానే టైపు చేయబోతే అక్షరాలు పడవు, ఇంకేదో జరుగుతుంది. ఎందుకంటే తెరవగానే అది కమాండ్ల కోసం ఎదురుచూస్తుంటుంది. ఐ నొక్కితేనే రాసే స్థితిలోకి వెళ్తుంది. ‘విమ్‌లోంచి బయటికి రావడం ఎలా?’ అని స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2012లో ఒకరు అడిగిన ప్రశ్నని 2017 మే నాటికి పది లక్షల సార్లకి పైగా చూశారంటే, ఎంతమంది లోపల ఇరుక్కున్నారో ఊహించుకోండి. జవాబు ఇదీ: ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్ నొక్కాలి. దిద్దింది సేవ్ చేయకుండానే బయటపడతారు. సేవ్ కూడా కావాలంటే కోలన్, డబ్ల్యూ, క్యూ.

రంగుల తెర సుఖాలు

వీఎస్ కోడ్‌ని మైక్రోసాఫ్ట్ 2015 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఉచితం. ఎడమ పక్కన ఫైళ్ల జాబితా కనిపిస్తుంది. తప్పు రాస్తే కింద ఎర్రగీత పడుతుంది. సగం పేరు కొడితే మిగతా సగం అదే అందిస్తుంది. ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి, ఏ వేరియబుల్‌లో ఎంత విలువ ఉందో చూడొచ్చు. స్టాక్ ఓవర్‌ఫ్లో 2024 సర్వేలో నూటికి 73 మందికి పైగా దీన్ని వాడుతున్నామన్నారు. విమ్ వాడేవాళ్లు ఐదుగురిలో ఒకరి కంటే కొంచెం ఎక్కువ. ఒకే మనిషి రెండూ టిక్ పెట్టొచ్చు కాబట్టి ఈ రెంటినీ పోటీగా చూడక్కర్లేదు. చాలామంది రెండూ వాడుతున్నారు.

మరి బరువు ఎక్కడ నుంచి వస్తోంది? వీఎస్ కోడ్‌ని ఎలక్ట్రాన్ అనే పునాది మీద కట్టారు. గిట్‌హబ్ వాళ్లు ఆటమ్ అనే ఎడిటర్ కోసం తయారుచేసుకున్న పునాది అది. ఆటమ్‌ని 2022 డిసెంబరులో ఆపేశారు గానీ ఎలక్ట్రాన్ మాత్రం నిలిచింది. దాని లోపల ఉండేది క్రోమియమ్, అంటే క్రోమ్ బ్రౌజర్ గుండెకాయ. వీఎస్ కోడ్ తెరిచారంటే ఇంకో బ్రౌజర్ తెరిచినట్టే లెక్క. మైక్రోసాఫ్ట్ చెప్పే ప్రకారం డౌన్‌లోడ్ 200 ఎంబీ లోపు, డిస్కులో 500 ఎంబీ లోపు. ఇది మోయలేనంత బరువేమీ కాదు.

అసలు తిండి వేరేవాళ్లు తింటున్నారు. ఎర్రగీతలు గీసేది, పేర్లు అందించేది ఎడిటర్ కాదు. లాంగ్వేజ్ సర్వర్ అనే సహాయకుడు వెనక విడిగా నడుస్తుంటాడు. జావాకి ఒకడు, పైతాన్‌కి ఒకడు. పెద్ద జావా ప్రాజెక్టు తెరిస్తే చాలాసార్లు ఎడిటర్ కన్నా సహాయకుడే ఎక్కువ ర్యామ్ మేస్తాడు. దానికి తోడు ఎవరో వీడియోలో చెప్పారని వేసుకున్న ఇరవై ఎక్స్‌టెన్షన్లు, పక్కన క్రోమ్‌లో ముప్ఫై ట్యాబులు. ల్యాప్‌టాప్ మూలిగితే తిట్లు మాత్రం వీఎస్ కోడ్‌కి.

ఈ సహాయకులు ఎడిటర్‌తో మాట్లాడే పద్ధతిని 2016లో అందరికీ ఒకేలా పెట్టారు. అందుకే ఇప్పుడు అదే సహాయకుణ్ని విమ్ నుంచి చీలి వచ్చిన నియోవిమ్ కూడా పిలుచుకోగలదు. 2021లో వచ్చిన 0.5 వెర్షన్ నుంచి ఆ ఏర్పాటు అందులోనే ఉంది. అంటే తెలివిలో రెండింటికీ తేడా చాలా తగ్గింది. కాకపోతే నియోవిమ్‌లో ఆ సుఖాలన్నీ మనమే కూర్చుని అమర్చుకోవాలి. వీఎస్ కోడ్‌లో రెండు క్లిక్కులు.

ఫైలు మన దగ్గర లేకపోతే?

కాలేజీలో ఉన్నంతకాలం ఫైలు మన ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఉద్యోగంలో చేరాక చాలాసార్లు ఎక్కడో డేటా సెంటర్‌లోని సర్వర్‌లో ఉంటుంది. దానికి తెరా ఉండదు, మౌసూ ఉండదు. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా నల్లతెరలో లోపలికి వెళ్లాల్సిందే. అక్కడ వీఐ దాదాపు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. యునిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉండే పోసిక్స్ ప్రమాణాల్లో అది కూడా ఒకటి. చిన్న పరికరాల్లో వాడే బిజీబాక్స్‌లో సైతం ఒక బుల్లి వీఐ ఉంటుంది.

వీఎస్ కోడ్‌కి కూడా దూరపు ఫైళ్లు తెరిచే సౌకర్యం 2019లో వచ్చింది. మంచి నెట్ ఉంటే అద్భుతంగా పనిచేస్తుంది. కానీ అది అవతలి సర్వర్‌లో తన సొంత మనిషిని ఒకణ్ని దింపుతుంది. దానికి అవతల కనీసం 1 జీబీ ర్యామ్ ఉండాలి, 2 జీబీ ఉంటే మంచిదని మైక్రోసాఫ్టే చెబుతోంది. తక్కువ అద్దెకి దొరికే క్లౌడ్ మెషిన్లలో మొత్తం ర్యామ్ అంతకన్నా తక్కువ ఉండొచ్చు.

ఇక లైను సంగతి. 2020 లాక్‌డౌన్‌లో నాలాంటివాళ్లు బెంగళూరు, హైదరాబాద్ ఖాళీ చేసి ఊళ్లకి వచ్చేశారు. ఫోన్ హాట్‌స్పాటే ఆఫీసు నెట్. మబ్బు పడితే సిగ్నల్ ఒక గీతకి దిగేది. పైగా మాది తుపాన్ల దారి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి, ఉద్దానం వైపు ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇలాంటి చోట నుంచి పనిచేసేవాళ్లకి ‘లైను తెగితే ఏమవుతుంది?’ అనేది మొదటి ప్రశ్న.

వీఐకి ఆ ప్రశ్న పుట్టినప్పుడే తెలుసు. ఫోన్ లైను మీద పెరిగింది కదా! మధ్యలో కనెక్షన్ పోతే రాసింది దాచిపెట్టే ఏర్పాటు మొదటి తరం నుంచీ ఉంది. విమ్ అయితే రాస్తున్నంతసేపూ పక్కన ఒక స్వాప్ ఫైల్లో మార్పులు దాస్తుంటుంది. మళ్లీ తెరిచినప్పుడు ‘పాతది తిరిగి తెచ్చుకుంటారా?’ అని అడుగుతుంది. దీనికి తోడు టీమక్స్ అనే చిన్న ప్రోగ్రామ్ సర్వర్‌లో నడిపితే, మన సిగ్నల్ పోయినా అక్కడి తెర అలాగే ఉంటుంది. సిగ్నల్ వచ్చాక వదిలిన చోటనే మళ్లీ కూర్చోవచ్చు. కీ నొక్కితే పంపాల్సింది కొద్ది బైట్లే కాబట్టి ఒక్క గీత సిగ్నల్ మీద కూడా పని నడుస్తుంది.

తెలుగు రాసి చూస్తే...

ఇక్కడ మాత్రం నల్లతెర ఓడిపోతుంది. టెర్మినల్ తెర గళ్లనోటుపుస్తకం లాంటిది. గడికో అక్షరం. ఇంగ్లిషుకి సరిపోతుంది. మన ‘స్త్రీ’ సంగతి చూడండి. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి... మొత్తం ఆరు. ఒక్కోటి మూడు బైట్లు చొప్పున 18 బైట్లు. ఆ ఆరింటినీ కలిపి ఒక్క ఆకారంగా పేర్చాలి. దానికి ఎన్ని గడులు కేటాయించాలో చాలా టెర్మినళ్లు సరిగ్గా తేల్చుకోలేవు. ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్క అక్షరం మీద ఎక్కుతాయి, కర్సర్ ఒకచోట కనిపించి ఇంకోచోట చెరుపుతుంది. వీఎస్ కోడ్‌లో ఈ బాధ లేదు. బ్రౌజర్ పునాది కాబట్టి తెలుగు సలక్షణంగా కనిపిస్తుంది.

ఈ ఇబ్బంది ఇప్పటిది కాదు. 1990ల మొదట్లో అమెరికాలోని మన విద్యార్థులకి ఇంగ్లిషు అక్షరాలు తప్ప తెలియని టెర్మినళ్లే దిక్కు. అందులోనే తెలుగు రాసుకోవాలని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి పెట్టారు. చిన్న టి కొడితే ‘త’, పెద్ద టి కొడితే ‘ట’. చిన్న ఎల్ అయితే ‘ల’, పెద్ద ఎల్ అయితే ‘ళ’. ఆర్టీఎస్ అని పేరు. ఇంటర్నెట్ న్యూస్‌గ్రూపుల్లో తెలుగువాళ్లు ఇలాగే ఉత్తరాలు రాసుకున్నారు. తర్వాత వచ్చిన లేఖినిలో టైపు చేసినవాళ్ల వేళ్లకి ఆ అలవాటు తెలిసే ఉంటుంది. నల్లతెరలో తెలుగు కనిపించకపోయినా, తెలుగు రాయడం మాత్రం అక్కడి నుంచే సాగింది.

కాబట్టి మీ ప్రాజెక్టులో తెలుగు ఉంటే, అది వెబ్‌సైట్ కానీ, యాప్ కానీ, రంగుల ఎడిటరే వాడండి. నల్లతెర మీద కూర్చుని ఒత్తులు ఏరుకోవడం అనవసరపు శ్రమ.

ల్యాప్‌టాప్ లేకపోయినా

ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే ఉచిత యాప్ ఉంది. దాంతో ఫోన్‌లోనే టెర్మినల్ వస్తుంది. విమ్, నానో, పైతాన్, సీ కంపైలర్ అన్నీ ఎక్కించుకోవచ్చు. పాత కీబోర్డు ఒకటి తగిలిస్తే మొదటి ఏడాది సీ ల్యాబ్ ప్రోగ్రాములన్నీ దాంట్లోనే రాసేయొచ్చు. సీటొచ్చాక కాలేజీ తెరిచేదాకా ఉండే ఖాళీలో మొదలుపెట్టడానికి ఇది చాలు.

ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మూలన పడుంటే దాన్ని అమ్మేయకండి. విండోస్ 11 అడిగే కనీస ర్యామే 4 జీబీ. ఎడిటర్ దాకా వచ్చేసరికి చోటే మిగలదు. అదే మెషిన్‌లో లుబుంటు లాంటి తేలికపాటి లినక్స్ వేసి, విమ్‌తోనో నానోతోనో పనిచేస్తే చదువుకి సరిపోతుంది.

కొత్తది కొనాలనుకుంటే 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీద వీఎస్ కోడ్ హాయిగా నడుస్తుంది. తర్వాత ర్యామ్ పెంచుకునే వీలుందో లేదో మాత్రం కొనేముందే అడగండి. ఆండ్రాయిడ్ యాప్‌లు చేయాలనుకునేవాళ్ల సంగతి వేరు. ఆండ్రాయిడ్ స్టూడియోకి 8 జీబీ కనీసం ఉండాలని గూగుల్ చెబుతోంది. ఆ అవసరం చాలామందికి మొదటి ఏడాదిలో రాదు. వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

వారం చాలు

నా సలహా: రోజువారీ పని వీఎస్ కోడ్‌లో చేసుకోండి. దాంతోపాటు ఒక్క వారం నల్లతెరకి ఇవ్వండి.

మొదటి రెండు రోజులు నానో. కంట్రోల్-ఓ సేవ్, కంట్రోల్-ఎక్స్ బయటికి, కంట్రోల్-డబ్ల్యూ వెతకడం. గిట్‌లో కమిట్ చేయబోతే విమ్ తెరుచుకుని భయపెడుతోందా? గిట్ సెట్టింగ్‌లో ఎడిటర్‌ని నానోగా మార్చుకోవచ్చు.

మూడో రోజు విమ్‌ట్యూటర్ అని కమాండ్ కొట్టండి. అరగంట పాఠం, చేస్తూ నేర్చుకునేది, విమ్‌తోపాటే వస్తుంది. మిగతా నాలుగు రోజులూ పది కమాండ్లే పదేపదే వాడండి. రాయడానికి ఐ, ఆపడానికి ఎస్కేప్, లైను తీయడానికి రెండు డీలు, కాపీకి రెండు వైలు, అతికించడానికి పీ, వెనక్కి తేవడానికి యూ, వెతకడానికి ఏటవాలు గీత, తర్వాతది చూడటానికి ఎన్, సేవ్‌కి కోలన్-డబ్ల్యూ, బయటికి కోలన్-క్యూ. అంతే. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోయినప్పుడు ఇవి చాలు.

ఒక మాట మాత్రం నమ్మకండి. ‘విమ్ వాడేవాడే అసలు ప్రోగ్రామర్’ అని కొందరంటారు. విమ్ వాళ్లకీ ఈమ్యాక్స్ వాళ్లకీ ఈ గొడవ దశాబ్దాలుగా నడుస్తోంది. తెలుగు మీడియం నుంచి వచ్చి, ల్యాబ్‌లో పక్కవాడి వేళ్ల వేగం చూసి ‘ఇది మనవల్ల కాదు’ అనుకునే పిల్లలకి ఆ మాట చెడు చేస్తుంది. ఉద్యోగమిచ్చేవాళ్లు చూసేది ప్రోగ్రామ్ పనిచేస్తోందా లేదా అనే. పాత కంపు అని నల్లతెరని తీసిపారేసేవాళ్లూ ఉన్నారు. వీఎస్ కోడ్ చేసిన మైక్రోసాఫ్టే 2025లో విండోస్ టెర్మినల్ కోసం ఎడిట్ అనే బుల్లి ఎడిటర్ తెచ్చింది. సైజు 250 కేబీ లోపు. తెరవగానే నేరుగా టైపు చేసుకోవచ్చు, బయటికి రావడానికి తంటాలు పడక్కర్లేదు. కంపెనీకి రెండూ కావాల్సి వచ్చాయి మరి.

మా జిల్లాలోనే పొందూరులో నేతకి వాడే పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. మిషన్లు లేక కాదు. ఆ సన్నటి నూలుకి ఆ ఎముక పళ్లే సరిపోతాయి కాబట్టి. అలాగని ఊళ్లో బట్టలన్నీ దాంతోనే చేయాలని ఎవరూ అనరు. ఎడిటర్ విషయంలోనూ పని చూసి పనిముట్టు పట్టుకోండి. ఈ సెలవుల్లో వారం నేర్చుకుంటే నల్లతెర భయం పోతుంది. ల్యాప్‌టాప్ షాపులో ఎంత పెట్టాలో మీకే తెలుస్తుంది.